అమ్మ కోసం కారు దించడం

అన్న ఆ కారు కొని తెచ్చిన వారమే అమ్మను అందులో పడుకోబెట్టి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాం. వెళ్లేటప్పుడు సంతోషంగానే వెళ్లాం. తిరిగి వచ్చాక అమ్మను నాయిన ఎత్తుకుని మంచం మీద వేస్తే, మరునాటి సాయంత్రం దాకా ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నీళ్లు తాగించబోతే పళ్లు బిగబట్టింది. అప్పుడు తెలిసింది మాకు, బస్సులో ఎగిరిపడే రోడ్డు కారులో కూడా ఎగిరిపడుతుందని.

అమ్మ జబ్బు మొదట రొమ్ములో మొదలైంది. హైదరాబాదులో కోసి తీసేశారు. ఆ తర్వాత అమ్మ మిరప చేలోకి కూడా వెళ్లింది. ఇక ఏం భయం లేదనుకుంటున్న రోజుల్లో నడుము నొప్పి అంది. బరువులు మోసిన నడుము కదా, నూనె రాస్తే పోతుందనుకున్నాం. కానీ జబ్బు వెన్నెముకలోకి దిగింది. హైదరాబాదు డాక్టర్లు ఇక అక్కడికి తీసుకురావొద్దని చెప్పి, నొప్పి తగ్గే సూదిమందు వారం వారం ఇప్పించుకోమని చీటీ రాసిచ్చారు. ఆ మందు మణుగూరు వైపు దొరికేది కాదు. గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్లాల్సిందే.

తొంభైల మొదటి సంవత్సరాలవి. మా ఊరు మణుగూరుకూ అశ్వాపురానికీ మధ్య, పెద్ద రోడ్డు నుంచి లోపలికి ఉంటుంది. మధ్యలో ఒక వాగు. వాగు మీద వంతెన లేదు, నీళ్లు తగ్గాక రాళ్ల మీదుగా బండ్లు దాటిస్తారు. పెద్ద రోడ్డు ఎక్కితే బొగ్గు లారీలు తొక్కిన గుంతలు. కూర్చోలేని మనిషిని బస్సులో ఎలా తీసుకెళ్తాం? అందుకే గనుల దగ్గర వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేస్తున్న అన్న, ఎవరికీ చెప్పకుండా ఒక పాత చిన్న కారు కొనుక్కుని వచ్చాడు.

ఆ కారు అంతకు ముందు, బీడీలు చుట్టే తునికాకు కొనే ఒక కాంట్రాక్టరుది. ఎండాకాలం అడవిలో కల్లం నుంచి కల్లానికి తిరగడానికీ, ఆకు కట్టలు వేసుకు రావడానికీ వాడేవాడు. కింద రాళ్లు తగలకూడదని, బరువుకు కుంగకూడదని దాన్ని పైకి లేపించాడు. వెనక చక్రాల మీద వంపు తిరిగిన ఇనుప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి, కమాను పట్టీలంటారు వాటిని. ఆ పేర్పులోకి లారీ పట్టీల ముక్కలు కూడా చేర్పించాడు. ముందు స్ప్రింగుల కింద మందపాటి రబ్బరు దిమ్మలు పెట్టించాడు. దాంతో ఆ చిన్న కారు మునివేళ్ల మీద నిలబడ్డ మనిషిలా ఎత్తుగా ఉండేది. ఖాళీగా పోతే ఎడ్లబండి కన్నా గట్టిగా కొట్టేది.

"దించాలె దాన్ని," అన్నాడు అన్న. "ఎంత దిగుతదో అంత దించాలె."

మణుగూరు నుంచి ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చాడు. అన్న ఆయన్ను చాచా అనేవాడు. పెద్దాయన, పాన్ నమిలి ఎర్రబడ్డ పెదాలు. కారు చుట్టూ తిరిగి, వెనక బంపరు మీద చేయి వేసి కిందికి నొక్కాడు. కారు కదల్లేదు.

"ఇది కారా తమ్మీ, లారీకి పుట్టిన పిల్లా?"

"ఏదో ఒకటి గాని చాచా. అమ్మ పండుకుంటే కుదుపు తెల్వొద్దు. గట్ల చెయ్యాలె."

"తునికాకు మోసిన బండి మనుషులను మొయ్యమంటే ఎగిరేస్తది మరి. దానికి ఆకు అలవాటు." ఉమ్మేసి వచ్చి మళ్లీ అన్నాడు. "దించుడు అల్కటి పనే. గ్యాస్ మంట పెట్టి స్ప్రింగును ఎర్రగ కాలుస్తే అదే కూలబడ్తది. చాయ్ తాగేలోపల అయితది."

"కాలుస్తే ఉక్కు పదును పోతది గదా. రేపు అడవి నడుమల పటుక్కున ఇరిగితే?"

"ఇరిగితే ఇరుగుతది. బండి పుట్టిందే ఇరగనీకి. మల్ల మేమెందుకున్నం?"

నేను తలుపు పక్కన నిలబడి వింటున్నాను. కొత్తవాళ్ల ముందుకు రావడమంటే నాకు ఎప్పుడూ బెరుకే. కాలేజీలో హాజరు పలకడానికి కూడా గొంతు వచ్చేది కాదు. కానీ ఆ పూట అన్న నన్ను బయటికి పిలిచాడు. వర్క్‌షాపులో ఎవరినో అడిగి మోటారు బండ్ల గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చాడు. ఇంగ్లీషు చదవడం అన్నకు కష్టం. ఇంట్లో పుస్తకాల పురుగును నేను. కథల పుస్తకాలు బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివేదాన్ని. అన్నకు ఆ సంగతి తెలుసు, ఎప్పుడూ ఏమీ అనలేదు.

"స్ప్రింగుల కాడ సదువు. తెలుగుల చెప్పు," అన్నాడు.

చదివాను. చాచా వింటున్నాడని గొంతు దానంతటదే తగ్గిపోయింది. "ఇన్పడ్తలేదు బిడ్డా, స్ప్రింగుకు చెప్తున్నవా నాకు చెప్తున్నవా?" అన్నాడాయన. నాకూ నవ్వొచ్చింది. ఆ పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. కారును నిలువుగా కోసి లోపల చూపించిన బొమ్మ. అందులో మనుషులు లేరు. మనిషి కూర్చోవాల్సిన చోట కిందికి చూపించే ఒక బాణం ఉంది. అది బరువు గుర్తు. మా కారులో ఆ బాణం అమ్మ.

ఆ రోజుల్లో నేను రాసుకున్న డైరీ ఇప్పుడు తిరగేస్తే స్ప్రింగుల సంగతులే ఎక్కువ కనిపిస్తాయి. అమ్మ గురించి తక్కువ. పట్టీ తీయడం గురించి పేజీ నిండా రాసి, చివరన "అమ్మ గంజి తాగింది" అని ఒక ముక్క. స్ప్రింగుల గురించి ఆలోచించడానికి ఏదో ఒకటి ఉండేది. దించొచ్చు, లేపొచ్చు, కోయొచ్చు, మార్చొచ్చు. అమ్మ విషయంలో ఎంచుకోవడానికి అలాంటిదేమీ మిగల్లేదు.

అన్నది మొదట ఒకటే ఆలోచన. కాంట్రాక్టరు చేర్పించిన పట్టీల్లో వెనక అటొకటి ఇటొకటి తీసేద్దాం. ఎక్కువ దించితే వాగులో రాయి తగిలి కింద ఇంజను ఆయిలు తొట్టి పగులుతుంది. పగిలితే అమ్మతో సహా అడవిలో నిలబడాలి. అందుకే కొంచెమే దించుదామన్నాడు. చాచా సరేనన్నాడు. కారు కింద గోనెసంచి పరుచుకుని, తిట్టుకుంటూ, పాటలు పాడుకుంటూ పొద్దు వంగేలోగా ఆ పని చేశాడు.

సరిపోయిందో లేదో చూడాలి. అమ్మనే పడుకోబెట్టి చూడొచ్చు కదా అనిపిస్తుంది. కానీ అమ్మ దేన్నీ బాగాలేదని చెప్పే మనిషి కాదు. చింతపండు ఎక్కువైన చారును కూడా మంచిగుంది బిడ్డా అని తాగేది. పైగా ఊరికే చూడటానికి ఆమెను మంచం మీది నుంచి కదిలించడం మాకు ఇష్టం లేదు. అందుకని అన్న ఒక బస్తా వడ్లు తెచ్చి వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టాడు.

బస్తా ఎందుకంటే, అది అమ్మ మాటే. మా వైపు మిరపకాయలు కల్లంలో ఆరాక సేటు మనుషులు కాటా తెచ్చి తూకం వేస్తారు. పని అయిపోయాక, కాటా విప్పే ముందు, ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ దాని మీద ఎక్కి తూగుతారు. ఏటా జరిగే వేడుక అది. ఎవరు పెరిగారు, ఎవరు తగ్గారు అని గేలి చేసుకుంటారు. అమ్మ ఒకసారి ఎక్కితే అవతల వడ్ల బస్తా వేశారు, ముల్లు సరిగ్గా నిలబడింది. అప్పటి నుంచి అమ్మ ఎక్కడికి వెళ్లినా, "నేను బస్తాను, నన్ను ఇద్దరు లేపాలె," అని తానే నవ్వించేది.

కారు ఊరి చివర డొంకలో ఒక చుట్టు తిప్పాం. దవాఖానాకు వెళ్లేటప్పుడు కూర్చునే చోటే కూర్చుని నేను బస్తా మీద చేయి వేశాను. గుంతలో పడ్డా బస్తా లేవలేదు. మెత్తగా కుంగి మెత్తగా లేచింది కారు. అన్న అద్దంలో చూసి నవ్వాడు. చాలా రోజులకు చూశాను ఆ నవ్వు.

వాకిట్లో కారు ఆపి, "అయిపోయింది చాచా. గింతే చాలు," అన్నాడు.

నేను దిగలేదు. "అన్నా," అన్నాను. "అమ్మ గింత లేదు."

"ఏందే?"

"అమ్మ బస్తా అంత లేదు ఇప్పుడు."

"ఏం మాట్లాడుతున్నవు? కాటా మీద మనమే చూస్తిమి గదా."

"అప్పటి ముచ్చట గది. నేను రోజు ఒళ్లు తుడుస్తున్న. నాకు ఎర్క."

"నీకేం ఎర్క. నువ్వు ఊకో."

అన్న ఎప్పుడూ నన్ను అలా కసరలేదు. దుప్పటి కింద ఉండే అమ్మను అన్న పొద్దున్నా సాయంత్రం పలకరించి వెళ్లేవాడు. దుప్పటి తీసి చూసేది నేను. చేతులు ఎత్తి పక్కకు పెడితే అవి ఎండిన కందికట్టెల్లా తేలిగ్గా వచ్చేవి. అది మాటల్లో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పినా అన్న విని ఉండేవాడు కాదు.

అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న నాయిన, చెంబు అక్కడే పెట్టి కారు దగ్గరికి వచ్చాడు. బస్తాను బయటికి లాగి, దాని మూతి కుట్టు విప్పి, గోనెపట్టా మీద కొన్ని వడ్లు గుమ్మరించాడు. తర్వాత వంగి, ఒక చేయి బస్తా పై కొస కింద, ఇంకో చేయి కింది కొస కింద పెట్టి ఎత్తాడు. పొద్దున పూట అమ్మను ఎండలోకి తెచ్చేటప్పుడు అలాగే ఎత్తుతాడు, మెడ కింద ఒక చేయి, మోకాళ్ల కింద ఒక చేయి. కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. తల అడ్డంగా ఊపి దించాడు. మళ్లీ గుమ్మరించాడు. మళ్లీ ఎత్తాడు.

పట్టా మీద వడ్ల కుప్ప పెరుగుతూ పోయింది.

"చాలు నాయినా," అన్నాడు అన్న.

నాయిన వినిపించుకోలేదు. మళ్లీ వంపాడు. ఈసారి ఎత్తి, కళ్లు మూసుకుని, బస్తాను గుండెకు దగ్గరగా తీసుకుని కొంచెం అటూ ఇటూ ఊపి చూశాడు.

"గింతే," అన్నాడు. తీసుకెళ్లి కారులో పడుకోబెట్టాడు.

కుప్పలో ఉన్నవి ఎక్కువ, బస్తాలో మిగిలినవి తక్కువ. కోళ్లు వచ్చి కుప్ప మీద పడ్డాయి, ఎవరూ వాటిని అదిలించలేదు. చాచా అప్పటిదాకా ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు కానీ ఇప్పుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. అన్న వాకిలి దాటి బాట మీదికి నడిచి వెళ్లిపోయాడు.

లోపలి నుంచి అమ్మ పిలిచింది. కిటికీలోంచి కుప్ప కనిపించినట్టుంది.

"వడ్లెందుకు పోసిన్రు బిడ్డా? ఎవలన్న కొలుసుకపోనీకి వచ్చిన్రా?"

"లేదమ్మా. పురుగు పట్టినయని ఎండకు పోసినం."

"ఎండేడున్నది, పొద్దుగూకింది గదా," అంది అమ్మ.

అన్న తిరిగి వచ్చి, తేలికైన బస్తాతో కారును మళ్లీ డొంకలో తిప్పాడు. మొదటి గుంతకే బస్తా ఎగిరి నా ఒడిలో పడింది. ఆయన వెనక్కి చూడలేదు. ఇంటికి వచ్చి, "అన్ని పట్టీలు తీసెయ్యి చాచా. కారు సొంత పట్టీలల్ల గూడ ఒకటి తియ్యి," అని మాత్రం అన్నాడు.

వెనక దిగితే ముందు ఎత్తుగా మిగిలింది. అలా ఉంటే అమ్మ నడుము దారి పొడుగునా సీటు వీపుకు ఒత్తుకుంటూనే ఉంటుంది. ముందు కూడా దించాల్సిందే. కింద దిమ్మలు తీసేసినా ముక్కు ఇంకా పైకే ఉంది. చాచా మళ్లీ గ్యాస్ మంట అన్నాడు. అన్న స్ప్రింగును ఒక చుట్టు కోసేద్దామన్నాడు. నేను పుస్తకం తెచ్చి చూశాను. కోస్తే పొట్టిదవుతుంది కానీ, మిగిలిన ముక్క ముందటి కన్నా గట్టిబడుతుందని రాసి ఉంది.

"కోస్తే ఇంకా గట్టిగ అయితదా? మల్ల సదువు," అన్నాడు అన్న.

మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివించాడు, అందులో ఎక్కడో వేరే మాట దొరుకుతుందన్నట్టు.

చివరికి దారి చెప్పింది చాచానే. పాల్వంచ తుక్కు కొట్లో ఇలాంటిదే ఒక కారు పడి ఉందట. "దాంట్ల ఒక లావు సేటు ఏండ్లకేండ్లు తిరిగిండు. పాపం స్ప్రింగులు సగం సచ్చినయి. గవ్వి ఎయ్యి. పొట్టిగుంటయి, మెత్తగుంటయి." అన్న మరునాడే బస్సులో వెళ్లి వాటిని గోనెసంచిలో వేసుకుని వచ్చాడు. ఇంకొకరి బరువు మోసి అలిసిపోయిన స్ప్రింగులు మా కారుకు వేశాం.

పని అయ్యాక కారు పొదుగుతున్న కోడిలా నేలకు అంటుకుని కూర్చుంది. పక్కింటి పెద్దమ్మ నీళ్ల బిందెతో వెళ్తూ ఆగి చూసింది. "ఏందిరా, మీ కారుకు గూడ నడుము పోయిందా?" అంది. అన్న నవ్వలేదు. ఆ మాట నోరు జారాకే ఆమెకూ తెలిసొచ్చినట్టుంది, బిందె సర్దుకుని వెళ్లిపోయింది.

ప్రయాణానికి ముందు సాయంత్రం నాయిన, నేను వాగు దగ్గరికి వెళ్లాం. కారు పోయే బాట పొడుగునా పైకి లేచిన రాళ్లు పీకి పక్కకు వేశాం. పీకలేని వాటి చుట్టూ ఇసుక పోసి ఎత్తు చేశాం. నాయిన ప్రతి రాయి దగ్గరా వంగి నేల మీద చెంప ఆనించినంత పని చేసి, కారు కింద పట్టేనా అని చూశాడు. రాళ్ల గురించే మాట్లాడుకున్నాం.

తెల్లవారి బయలుదేరాం. ముందు సీట్లో నాయిన, వెనక నేను, నా ఒడిలో అమ్మ తల. వాగు దాటేటప్పుడు కింద ఏదీ తగల్లేదు. బొగ్గు లారీల గుంతల్లో కారు నీళ్ల మీద తెప్పలా దిగి లేచింది. చాచా పనితనం కాదనలేం. అమ్మ కళ్లు తెరిచి కిటికీలోంచి చెట్ల కొమ్మలు చూస్తోంది.

"ఎట్లుందమ్మా?" అన్నాడు అన్న.

"మంచిగుంది అయ్యా."

కాసేపటికి మళ్లీ అడిగాడు. మళ్లీ మంచిగుంది అంది. అన్న భుజాలు కొంచెం దిగాయి.

అశ్వాపురం దాటే చోట హెవీ వాటర్ ఫ్యాక్టరీ వాళ్ల కాలనీ ముందు రోడ్డు అద్దంలా ఉంటుంది. ఆ ప్రాంతంలో అంత నున్నటి రోడ్డు ఇంకెక్కడా లేదు. కారు చప్పుడు కూడా తగ్గిపోయింది. అక్కడ, ఏ గుంతా లేని చోట, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తల నా ఒడిలో గట్టిగా ఒత్తుకుంది. లోపలి నుంచి ఒక మూలుగు వచ్చింది.

అన్న ఒక్కసారిగా కారు ఆపి దిగాడు. "ఏం తగిలింది? ఏం తగిలిందే?"

"ఏం తగల్లేదు," అన్నాను.

ఆయన రోడ్డు మీద బోర్లా పడుకుని కింద చూశాడు. ప్రతి చక్రం దగ్గరా కూర్చుని చూశాడు. వెనక బంపరు మీద చేతులు పెట్టి నొక్కాడు. కారు మెత్తగా కుంగి మెత్తగా లేచింది. వెనక్కి కొంత దూరం నడిచి రోడ్డు చూసి వచ్చాడు. రాయి లేదు, గుంత లేదు. ఒక లారీ హారను కొట్టుకుంటూ పక్క నుంచి పోయింది.

కారు ఆగి అంతసేపైనా అమ్మ మూలుగు ఆగలేదు.

అది నేను విన్నాను. ముందు సీట్లో కదలకుండా కూర్చున్న నాయినా విన్నాడు. అన్న తలుపు తెరిచి లోపలికి వంగి, ఆయనా విన్నాడు. ఆయన ముఖం చూడలేక నేను అమ్మ జుట్టు సర్దాను. ఇన్ని రోజులూ మేము రోడ్డుతో కొట్లాడాం. నొప్పి ఇప్పుడు రోడ్డు నుంచి రావడం లేదు.

అమ్మే కొంగు తీసి మాట్లాడింది. "నడుపు అయ్యా. బండి మంచిగనే ఉంది."

దవాఖానాలో మందు కాస్త పెంచారు. ఎంతకాలం పెంచుకుంటూ పోవచ్చో అన్న అడిగితే, ఇప్పటికి ఇలా కానివ్వండి అన్నాడు డాక్టరు. వచ్చేటప్పుడు సూదిమందు మత్తులో అమ్మ నిద్రపోయింది. ఆమె నిద్రపోతున్నా అన్న ఎడ్లబండి కన్నా నెమ్మదిగా నడిపాడు. వెనక లారీలన్నీ హారన్లు మోగిస్తూ దాటిపోయాయి.

ఇంటికి చేరాక నాయిన అమ్మను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడు. అన్న చొక్కా కూడా విప్పకుండా కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"టైర్లల గాలి ఎక్కువున్నట్టుంది," అన్నాడు. "కొంచెం తీసేస్తే ఇంకా మెత్తగైతదేమో. ఏందంటవు?"

"అవ్ అన్నా," అన్నాను.

ఆయన టైరు వాల్వు మూత విప్పి నాకిచ్చి, గోటితో పిన్ను నొక్కి పట్టుకున్నాడు. గాలి సన్నగా చప్పుడు చేస్తూ పోయింది. కారు ఇంకాస్త కిందికి దిగింది. ఒక చక్రం అయ్యాక లేచి, మోకాలికి అంటిన మట్టి దులుపుకుని ఇంకో చక్రం దగ్గరికి వెళ్లాడు. నేను ఆ మూత పట్టుకుని ఆయన వెనకే వెళ్లాను.